మోటుపల్లి సుంకము, వాషింగ్టన్ సుంకము

బాపట్ల జిల్లా సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. అచటి వీరభద్రాలయమున నొక రాతిస్తంభముపై కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున చెక్కించిన శాసనము చరిత్ర విద్యార్థులకు సుపరిచితము. దానికి అభయశాసనమని పేరు. తుఫానునకు కొట్టుకొనివచ్చి తీరమున చిక్కిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలవంతముగా లాగికొనుచుండిరి. తాను అట్లు చేయననియు, నిర్ణీతమైన సుంకము దప్ప మరేమియు పుచ్చుకొననియు ఆ రాజు దేశదేశముల వర్తకులకు అందు మాట యిచ్చెను. ఎగుమతికైనను దిగుమతికైనను ముప్పదింట నొకపాలు సుంకము. చందనము, కర్పూరము, పట్టు మున్నగువానికి వేరువేరు రేట్లు అందే చెక్కబడినవి.

ముప్పదింట నొకపాలు అనగా నూటికి మూడున్నరకు లోపలనే. ఆ రేటు స్వల్పమగుట యొక విశేషము. అంతకంటె గొప్ప విశేషము, అది రాతిపై చెక్కబడుట. ఎక్కడో దూరద్వీపమున ఓడకు సరుకెత్తుచున్న వర్తకునికి మోటుపల్లి రేవున తాను చెల్లింపవలసిన దెంతయో ముందుగనే తెలియును. రాజునకు కోపము వచ్చినను, పొరుగురాజుతో వైరము కలిగినను ఆ రాయి మారదని అతనికి నమ్మకము.

ఆ మోటుపల్లి చుట్టుప్రక్కలను, అచటినుండి ఉత్తరముగా కృష్ణా గోదావరీ డెల్టాల పొడవునను నేడు వరిచేలతోపాటు రొయ్యల చెరువులు వ్యాపించియున్నవి. రొయ్యల పెంపకమున దేశములో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానము. 2024-25 ఆర్థిక సంవత్సరమున భారతదేశము ఎగుమతి చేసిన సముద్రోత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందు మూడింట రెండువంతులకు పైగా శీతలీకరించిన రొయ్యలదే. కొన్న దేశములలో అమెరికాది మొదటి స్థానము. కనుక 2025వ సంవత్సరమున వాషింగ్టన్‌లో జరిగినది భీమవరమునకు దూరపువార్త కాకపోయెను.

ఆ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ పెక్కు దేశముల సరుకులపై క్రొత్త సుంకములను ప్రకటించిరి. భారతదేశమునకు నిర్ణయించినది 26 శాతము. అది పూర్తిగా అమలగుటకు ముందే తొంబది దినములు వాయిదా పడెను. నడుమ 10 శాతము మాత్రము నిలిచెను. ఆగస్టు 7 నుండి 25 శాతమయ్యెను. రష్యా చమురును కొనుచున్నామన్న కారణమున ఆగస్టు 27 నుండి దానిపై మరియొక 25 శాతము పడి, మొత్తము 50కి చేరెను. రొయ్యలపై అంతకుముందే యున్న యాంటీ డంపింగ్ సుంకమును, సబ్సిడీలకు బదులుగా వేయు సుంకమును కలిపినచో దాదాపు 58 శాతము. అదే ఆగస్టులో ఈక్వడార్ దేశపు సరుకుపై 15 శాతమే. ఇరుదేశముల చెరువులలోను పెరుగునది వనామీ యను ఒకే జాతి రొయ్య. దాని పుట్టినిల్లు అమెరికా ఖండముల పసిఫిక్ తీరము. రొయ్య ఒకటే, రుచి ఒకటే. దిగుమతి కాగితముపై దేశము పేరు మాత్రమే వేరు.

చెరువులో పిల్ల వేసి పట్టుబడి చేయుటకు మూడు నాలుగు మాసములు పట్టును. ఏప్రిల్ మొదలు ఆగస్టు కడవరకు, అనగా ఒక పంటకు కొంచెము మించిన కాలములో, ఆ రేటు నాలుగు రూపములు దాల్చెను. రాయికిని ప్రకటనకును గల భేద మిదియే.

ఇంతకును సుంకము చెల్లించునది ఎవరు? విదేశీయుడే చెల్లించునని సుంకమును విధించు నాయకులు సభలలో చెప్పుచుందురు. రేవులోని లెక్క వేరు. సరుకును దింపుకొన్న అమెరికా దిగుమతిదారుడే అచటి కస్టమ్సు కార్యాలయమున డబ్బు కట్టవలెను. కట్టిన పిమ్మట అతడు ఆ భారమును తనపైననే యుంచుకొనడు. కొంత తన దేశపు వినియోగదారునిపైకి త్రోయును, కొంత ఎగుమతిదారునిపైకి నెట్టును. ఎవరెంత మోయుదురన్నది ఎవరు వేచియుండగలరన్న దానిపై ఆధారపడియుండును. ఈక్వడార్ సరుకు ప్రక్కనే యున్నప్పుడు అమెరికా వర్తకుడు వేచియుండగలడు. శీతలగిడ్డంగి గల ఎగుమతిదారుడు కొన్ని వారములు వేచియుండగలడు. చెరువుగట్టున నున్న రైతు వేచియుండలేడు. రొయ్య ఎదిగిన కొలది మేత ఖర్చు పెరుగును, ఏరియేటర్లకు కరెంటు కావలెను, తెల్లమచ్చ వ్యాధి భయము రాత్రింబవళ్లు వెంటాడును. కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో దానిని కౌంటు అందురు. ధర కౌంటును బట్టి నిర్ణయమగును. ఏప్రిల్ ప్రకటన వెలువడిన కొలది దినములలోనే, సుంకము పూర్తిగా అమలులోనికి రాకముందే, కోస్తా జిల్లాలలో కొనుగోలుదారులు కౌంటు ధరలను తగ్గించిరి. పన్ను ఇంకను పుట్టలేదు, దాని భారము మాత్రము ముందే దిగివచ్చెను.

అర్థశాస్త్ర గ్రంథములలో సరఫరా, గిరాకి అను రెండు రేఖలు ఖండించుకొను చిత్రమును విద్యార్థులు చూచియుందురు. పన్ను భారము ఎవరిపై పడునో ఆ చిత్రము చూపగలదు. ఆ పన్నును ఎవరు కోరిరి, ఎవరు వలదనిరి, వలదన్నవారి మాట ఎచట వినబడెను అను ప్రశ్నలకు అందు సమాధానము లేదు. సుంకముల రాజకీయమంతయు ఆ ప్రశ్నలలోనే యున్నది.

అమెరికాలో రొయ్యల సుంకమును కోరువారు కోటీశ్వరులు కారు. లూసియానా, టెక్సాస్ మొదలగు రాష్ట్రముల తీరమున పడవలపై పోయి వలలు వేయువారు. ఆ దేశమున తినబడు రొయ్యలలో నూటికి తొంబదికి పైగా విదేశములనుండి వచ్చినవే. చెరువు రొయ్య చవుకగా వచ్చి పడుటచే పడవ ఖర్చులు కూడ రాక వారిలో పలువురు వృత్తిని విడిచిరి. 2003 డిసెంబరులో వారి సంఘము భారత్, చైనా, వియత్నాం, థాయిలాండ్, బ్రెజిల్, ఈక్వడార్ దేశముల రొయ్యలపై ఫిర్యాదు చేయగా, విచారణ జరిగి 2005లో యాంటీ డంపింగ్ సుంకములు వచ్చెను. అప్పటి యొక చట్టము ప్రకారము అట్లు వసూలైన సుంకమును ఫిర్యాదుదారులకే పంచిపెట్టుచుండిరి. ప్రపంచ వాణిజ్య సంస్థ దానిని తప్పుబట్టగా 2006లో ఆ చట్టమును రద్దు చేసిరి. ఆ బెస్తవారి కష్టమును కల్పితమనుట న్యాయము కాదు. వారికి ఓటు కలదు, శాసనసభ్యుడు కలడు, సంఘము కలదు, న్యాయవాదులు కలరు. భీమవరపు రైతుకు సొంతదేశమున ఇవన్నియు ఉన్నను, అతని ధరను నిర్ణయించు సభలో ఒక్కటియు లేదు. తన యింటి బల్లపై రొయ్యలకు నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టు అమెరికా గృహిణికి ఓటున్నను, ఆ నాలుగు డాలర్లకొరకు ఆమె సభకు పోదు.

ఈ సంగతిని అమెరికావారే చక్కగా పరిశీలించిరి. 1930లో స్మూట్, హాలీ అను ఇరువురు శాసనకర్తల పేర ఒక సుంకముల చట్టము వచ్చెను. వ్యవసాయదారులను ఆదుకొనుట మొదటి ఉద్దేశము. చట్టము పూర్తియగునప్పటికి ఒక్కొక్క ప్రాంతపు ప్రతినిధియు తన ప్రాంతపు సరుకును అందు చేర్చగా, వందలకొలది వస్తువులపై సుంకములు పెరిగెను. ఆమోదింపవలదని వేయిమందికి పైగా అర్థశాస్త్రజ్ఞులు సంతకములు చేసి పంపినను అధ్యక్షుడు హూవర్ ఆమోదించెను. కెనడా మొదలగు దేశములు ప్రతిసుంకములు వేసెను. అప్పటికే ఆరంభమైన ఆర్థికమాంద్యము దీనివలననే పుట్టినదనుట అతిశయోక్తి యగును గాని, వ్యాధిని ముదిరించినదనుటకు సందేహము లేదు. 1935లో షాట్‌ష్నైడర్ అను రాజనీతిశాస్త్రజ్ఞుడు ఆ చట్టము తయారైన తీరుపై ఒక గ్రంథమే వ్రాసెను. లాభము కొందరికి దట్టముగా, నష్టము అందరికి పలుచగా పంచబడినప్పుడు ఆ కొందరే సభకు వత్తురన్నది ఆ గ్రంథమునుండి తేలిన విషయము.

ఆ అనుభవముచేతనే 1934లో అమెరికా కాంగ్రెసు తన అధికారములో కొంత అధ్యక్షునికి అప్పగించెను. ఇతర దేశములతో ఒప్పందములు చేసికొని, అవి తగ్గించినచో తానును సుంకములను సగమువరకు తగ్గించుటకు ఆ చట్టము వీలు కల్పించెను. దాని పేరులోని ముఖ్యమైన మాట ‘పరస్పర’ అనునది. 2025 ఏప్రిల్ ప్రకటనలోను అదే మాట వాడబడెను. తొంబది యేండ్ల క్రిందట తగ్గించుటకు పుట్టిన మాట నేడు పెంచుటకు ఉపయోగపడెను. మాటలకు ఇట్టి గతి పట్టుట క్రొత్త గాదు. అయితే ఇందు మాటకంటె ముఖ్యమైన మార్పు మరియొకటి కలదు. అరువదిమంది కూర్చుండి ఒకరి సరుకును మరియొకరు కాపాడుకొను సభ చెడ్డదే. అయినను అందు వాదము, ప్రతివాదము, కాలహరణము ఉండును. ఒక్కని చేతికి పోయిన అధికారము, ఆ యొక్కడు తగ్గింపదలచినంతవరకు మేలుగా కన్పించెను. పెంచదలచిన నాడు అడ్డము లేకపోయెను.

పరాయి సభలో తన జీవనముపై తీర్పు వెలువడుట తెలుగు తీరమునకు ఇదే మొదలు కాదు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ మచిలీపట్టణమున 1611లో వర్తకస్థానము నెలకొల్పెను. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు, కలంకారీ వస్త్రములు పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో ఎంతగానో వాడుకలోనికి వచ్చెను. ఉన్ని, పట్టు నేయు ఆంగ్ల నేతగాండ్రు గగ్గోలు పెట్టిరి. పార్లమెంటు 1700లో చట్టము చేసి ఇండియా, పర్షియా, చైనాల అద్దకపు నూలుబట్టలను ధరించుట నిషేధించెను. అదియు చాలలేదు. 1719లో లండను వీధులలో నేతగాండ్రు నూలుగౌనులు ధరించిన స్త్రీలపై బడి వానిని చింపిరి. 1721లో నిషేధము మరింత గట్టిపడెను. స్వేచ్ఛావాణిజ్యమునకు పుట్టినిల్లని తరువాత పేరుగాంచిన దేశము తన నేతను కాపాడుకొన్నది ఇట్లు. మచిలీపట్టణపు అద్దకగాడు ఆ పార్లమెంటుకు విన్నపము పంపిన దాఖలా వెదకుట వృథా.

అటుపిమ్మట యంత్రములు వచ్చెను, మాంచెస్టరు పెరిగెను. 1846లో ధాన్యపు సుంకములను రద్దు చేయించుటలో ఆ నగరపు మిల్లుదారులు ముందు నిలిచిరి. చవుకరొట్టె వలన కూలీలకు మేలు కలిగెననుట నిజము. ఆ మేలు వెనుక మిల్లుదారుని లాభమున్నదనుటయు నిజమే. అదే మాంచెస్టరు ఇండియావైపు తిరిగినప్పుడు స్వేచ్ఛావాణిజ్యము వేరొక వేషము వేసెను. విదేశీ నూలుబట్టపై ఇండియా ప్రభుత్వము ఆదాయము కొరకు విధించిన 5 శాతము సుంకము సైతము లంకాషైరువారి కంట పడెను. 1879లో వైస్రాయి లిట్టన్ తన కౌన్సిలులోని అధికసంఖ్యాకుల అభిప్రాయమును త్రోసిపుచ్చి ముతకబట్టలపై సుంకమును తొలగించెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున ఘోరక్షామము పాలించి, బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు చితికిపోయి, ఖజానాకు ప్రతి రూపాయియు అవసరమైన కాలమది. 1882లో మిగిలిన సుంకములు కూడ దాదాపుగా పోయెను.

వెండిరూపాయి విలువ పడిపోయి లోటు మిక్కుటమైనందున 1894లో సుంకములను మరల విధింపక తప్పలేదు. మార్చిలో 5 శాతము వేసిరి. నూలుబట్టకు మాత్రము మినహాయింపు! దేశమంతట నిరసన చెలరేగగా డిసెంబరులో దానిపైనను వేసిరి. కాని లంకాషైరునకు నష్టము కలుగకుండ ఇండియా మిల్లులు తీయు సన్ననూలుపై అంతే ఎక్సైజు పన్ను తగిలించిరి. 1896లో ఆ యేర్పాటును సవరించి, దిగుమతి బట్టపై మూడున్నర శాతము, ఇండియా మిల్లుబట్టపైనను మూడున్నర శాతము అని స్థిరపరచిరి. తన దేశపు సరుకు తన దేశపు విపణిలో పరాయి సరుకునకు పోటీ యిచ్చుట నేరమైనట్లు, దానిపై జరిమానా! స్వదేశీ ఉద్యమకాలమున ఈ మూడున్నర శాతము ప్రసంగముల నిండ మారుమ్రోగెను. 1925 డిసెంబరులో గాని ఆ పన్ను నిలుపుదల కాలేదు. ముప్పది యేండ్లపాటు అది నిలిచియుండుటకు ఆర్థికసూత్రము కారణము కాదు. నిర్ణయించు అధికారము లండనులో నుండుటయే కారణము.

ఇంత చెప్పిన పిమ్మట స్వదేశపు వ్యవహారమును చూడకపోవుట పక్షపాతమగును. స్వతంత్ర భారతము తన సుంకములను తానే నిర్ణయించుకొనుచున్నది. ప్రపంచ వాణిజ్య సంస్థ లెక్కలలో 2023 నాటికి భారతదేశపు సగటు సుంకము 17 శాతము, వ్యవసాయోత్పత్తులపై 39 శాతము. అమెరికా సగటు 3.3 శాతమే. భారతదేశపు గోడలు ఎత్తైనవను అమెరికా ఫిర్యాదు నిరాధారము కాదు. కోట్లకొలది చిన్నకమతములపై బ్రతుకు దేశమున ఆ గోడలకు హేతువు కలదు. అయితే గోడ లోపల కూడ బలవంతులు, బలహీనులు ఉందురు.

2025 ఆగస్టు మాసమే దీనికి నిదర్శనము. అమెరికాలో భారతదేశపు దుస్తులపై 50 శాతము పడనుండగా, బంగ్లాదేశ్, వియత్నాంల దుస్తులపై 20 శాతము మాత్రమే. మిల్లులవారు, దుస్తుల ఎగుమతిదారులు ఢిల్లీకి మొరపెట్టుకొనిరి. ముడిపత్తిపై 2021 నుండి ఉన్న 11 శాతము దిగుమతి సుంకమును కేంద్రప్రభుత్వము ఆగస్టు 19న తొలగించెను. మొదట సెప్టెంబరు కడవరకు, పిదప డిసెంబరు 31 వరకు. మిల్లులకు ఇది న్యాయమైన సహాయమే. ముడిసరుకు ప్రియమైనచో అన్యదేశపు బట్టతో పోటీపడుట యెట్లు? కాని ఆదిలాబాదు, వరంగల్లు, గుంటూరు ప్రాంతములలో పత్తి ఏరుట అక్టోబరు నుండి మొదలగును. క్రొత్తపంట మార్కెటుకు వచ్చు సరిగ్గా ఆ మూడు మాసములలోనే విదేశీపత్తికి తలుపులు తెరచిరి. పొడుగుపింజ పత్తికి ఆ యేడు ప్రకటించిన కనీస మద్దతుధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ ఎక్కువైనదని తిరస్కరింపబడిన బండి రైతుకు ఆ ధర అందదు. అతడు ప్రైవేటు వర్తకుని చెంతకే పోవలెను. ఆ వర్తకుని చేతిలో అప్పుడు విదేశీపత్తి ధర యను క్రొత్త త్రాసు ఉండెను. రైతుసంఘములు అభ్యంతరము చెప్పిరి. గడువు పొడిగింపబడెను.

వాషింగ్టన్‌లో దుస్తులపై వేసిన సుంకము, నడుమ నున్న మిల్లును దాటి, ఆదిలాబాదు చేను వరకు నడచివచ్చిన త్రోవ యిది. తమిళనాడులోని తిరుప్పూరు దర్జీ పనివానికి పనిపోకుండ నిలుపుట యెంత అవసరమో, పత్తిరైతు ధర నిలుపుటయు అంతే అవసరము. రెంటిని కలిపి తూచు వేదిక యేదియను ప్రశ్నకు పార్లమెంటు అని పౌరనీతి పుస్తకము చెప్పును. సుంకముల మినహాయింపులు మాత్రము ఆర్థికమంత్రిత్వశాఖ నోటిఫికేషనులుగా వెలువడును. పార్లమెంటు ముందు అవి తరువాత ఉంచబడును.

అమెరికాలో కథ న్యాయస్థానమునకు పోయెను. అధ్యక్షుడు ఈ సుంకములకు ఆధారముగా చూపినది 1977 నాటి అత్యవసరాధికార చట్టము. సుంకములు విధించు అధికారమును రాజ్యాంగము కాంగ్రెసునకు ఇచ్చినదనియు, ఆ చట్టములో సుంకమను మాటయే లేదనియు కొందరు చిన్నవర్తకులును, కొన్ని రాష్ట్రములును వాదించిరి. 2025 మే మాసమున అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానమును, ఆగస్టులో అప్పీలు న్యాయస్థానమును వారి పక్షమున తీర్పు చెప్పెను. 2026 ఫిబ్రవరి మొదటివారమున భారతదేశముతో అవగాహన కుదిరి, సుంకమును 18 శాతమునకు తగ్గింతుమని అమెరికా ప్రకటించెను. అదే మాసము 20న సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో, ఆ చట్టము క్రింద సుంకములు విధించు అధికారము అధ్యక్షునికి లేదని తేల్చెను. వెంటనే అధ్యక్షుడు 1974 నాటి మరియొక చట్టమును చేతబట్టి క్రొత్త సుంకమును ప్రకటించిరి.

అక్రమముగా వసూలైనదని తేలిన సుంకము తిరిగి యెవరికి చెందవలెనన్న ప్రశ్న ఆ తీర్పుతోనే లేచెను. కస్టమ్సు కాగితములలో చెల్లించినవాని పేరు దిగుమతిదారునిది. రశీదు అతని చేత నున్నది. తిరిగి వచ్చునది ఏదైనను చట్టరీత్యా అతనికే రావలెను. 2025 వేసవిలో కౌంటు ధర తగ్గించి రొయ్య నమ్ముకొన్న రైతు చేతిలో నున్నది ఏజెంటు వ్రాసిచ్చిన తూకపు చీటి. అందు కిలోలు, కౌంటు, ధర వ్రాయబడియున్నవి. సుంకమను పద్దు అందు లేదు.